కుళాయి పక్క వరస

ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే అత్తాకోడళ్ళిద్దరూ నవ్వుతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "నువ్వు చెప్పు" అంటే "మీరే చెప్పండి" అనుకుని మరీ నవ్వుతారు. కానీ ఆ వేసవి మొదట్లో ఆ ఇంట్లో నవ్వన్న మాటే లేదు. యూదితకు తిన్నది ఒంటబట్టక మనిషి సగమైపోయింది.

సెర్బియాలో స్లోవాకులు స్థిరపడ్డ పెత్రోవెత్స్‌లో ఇల్లంటే నేల. గోడ సున్నం రాలినా జనం ఊరుకుంటారు, పెంకు జారినా ఊరుకుంటారు. గడప లోపల మట్టి బూటు ముద్ర కనిపించిందో, ఆ ఇంటి ఇల్లాలిని మూడు వీధుల అవతలి వాళ్ళు కూడా చెరిగి పారేస్తారు. ఎవరింటికి వెళ్ళినా బూట్లు బయట విప్పాల్సిందే, వాళ్ళిచ్చిన చెప్పుల్లో కాళ్ళు దూర్చాల్సిందే. పాస్టరు గారికైనా మినహాయింపు లేదు. శనివారం సాయంత్రం వాకిలి మట్టిని గీతలు గీతలుగా ఊడ్చి, మర్నాడు చర్చికి వెళ్ళేవాళ్ళు ఆ గీతలు తొక్కితే లోలోపల తిట్టుకునే ఊరు అది.

అలాంటి ఊళ్ళో కూడా యూదిత అందరికంటే నాలుగాకులు ఎక్కువ చదివిన మనిషి. నోవీ సాద్‌లో ఆపరేషన్ థియేటరు నర్సుగా ఏళ్ళ తరబడి చేసి, నడుము నొప్పి తట్టుకోలేక ఉద్యోగం మానుకుని ఇంటికొచ్చింది. కత్తులూ కత్తెర్లూ మరగబెట్టిన చెయ్యి ఊరికే ఉంటుందా? పాలసీసా దగ్గర్నుంచి తలుపు గడియ దాకా ఏదో ఒకటి తోముతూనే ఉండేది. ఆమె మొగుడు ఓంద్రేయ్ కాలవ మీద లాకుల దగ్గర పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో ఆగి, "లోపలికి రానా, నన్ను కూడా మరగబెట్టి తీసుకెళ్తావా?" అనేవాడు.

"అత్త లేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు" అని ఊరికే అనలేదు. ఇక్కడ ఇద్దరూ ఉన్నారు. అత్తగారు జెల్మీరాకు ఎనభై దాటాయి. పొద్దున లేస్తే పెరట్లో ఉల్లి మడి, మధ్యాహ్నం కోళ్ళు, సాయంత్రం వీధి బల్ల మీద కబుర్లు. మట్టిలో పుట్టి మట్టిలో పెరిగిన మనిషి కాబట్టి ఆవిడ బూట్లకు ఎప్పుడూ మన్నే. కోడలు తుడిచిన వసారా నేల మీద ఆవిడ నడిస్తే వెనకాలే గుడ్డ పట్టుకుని కోడలు నడిచేది. జెల్మీరా పైకి ఏమీ అనేది కాదు గానీ, వీధి బల్ల మీద మాత్రం "మా ఇంట్లో ఈగ కూడా కాళ్ళు కడుక్కునే వాలుతుంది" అని చెప్పి అందరినీ నవ్వించేది.

ఆ ఈస్టరు నాడు జెల్మీరా నేలమాళిగలోంచి ఒక సీసా తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. మూతకు మైనం ముద్ర. లోపల బూడిదరంగు గింజలు. అవి నారగంజాయి విత్తులు. మత్తు గంజాయికి దాయాదే గానీ ఇందులో మత్తు లేదు. నార తీసి తాళ్ళు పేనడానికి, గుడ్డ నేయడానికి ఆ ఊరు తరతరాలుగా పెంచిన రకం. జెల్మీరా అమ్మమ్మ పెళ్ళికూతురిగా వచ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చిన విత్తనమది. తాళ్ళు పేనే పెనిమిటి పోయాక జెల్మీరా సాగు మానేసింది. ఊళ్ళో మిగతావాళ్ళు అంతకు ముందే మానేశారు. ఆ రకం ఇంకెక్కడా లేదు. ఉన్నదల్లా ఆ సీసాలో ఉంది.

"నారగంజాయి గింజకి ఆయుష్షు తక్కువ. ఇప్పటికే ముసలిదైపోయింది, నాలాగే. ఈ ఏడు మొలవకపోతే ఇంక మొలవదు" అంది జెల్మీరా. అని, సీసా యూదిత ముందుకు జరిపింది.

పక్క ఊరి నుంచి పండక్కి వచ్చిన కూతురు బోజేనా ముఖం మాడ్చుకుంది. "అదేంటమ్మా! పొలం ఉన్నది నాకు. ఆస్పత్రి చేతులకి విత్తనమిస్తావా?"

"ఆ చేతులు ఎంతమందిని బతికించాయో! నాలుగు గింజల్ని బతికించలేవా?" అంది తల్లి. ఆ మాటతో యూదితకు గుండె నిండిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారి నోట అలాంటి మాట వినడం అదే మొదటిసారి.

ఆ మాటే ఆమె కొంప ముంచింది. ఇంత నమ్మి ఇచ్చిన విత్తనాన్ని మామూలు మట్టిలో ఎలా పెడుతుంది? మట్టిలో తెగుళ్ళుంటాయి, పురుగులుంటాయి, వేరుకుళ్ళుంటుంది. పెరటి మట్టిని సన్నగా జల్లించి, రేకు పళ్ళాల్లో పరిచి, వాకిట్లో రొట్టెలు కాల్చే పొయ్యిలోకి తోసింది. రెండు రోజుల పాటు ఇల్లంతా మాడిన వాసన.

"రేపటి నుంచి రొట్టె పొలంలో కాలుస్తావా?" అని అడిగాడు ఓంద్రేయ్.

"మీకేం తెలుసు, ఊరుకోండి. ఇందులో ఇప్పుడు ఒక్క క్రిమి లేదు. ఈ మట్టి మీద ఆపరేషన్ చెయ్యొచ్చు" అంది యూదిత గర్వంగా.

పెరట్లో నారు పెంచుకునే గాజు పాక ఒకటి ఉంది. అందులో మూల ఒక కుళాయి. జెల్మీరా ఎప్పట్నుంచో ఉల్లికాడలూ కారెట్లూ పీకి తెచ్చి కడుక్కునే చోటది. యూదిత ఆ పాకను కడిగి, సున్నం కొట్టి, నేల మీద కొత్త పలకలు పరిచి, కాల్చిన మట్టి నింపిన బక్కెట్లను వరసలుగా పేర్చింది. గుమ్మంలో చెప్పుల జత పెట్టింది. "అత్తయ్యా, ఇందులోకి బూట్లతో రాకండి. మీ పుణ్యముంటుంది" అని చేతులు పట్టుకుని బతిమాలింది.

సీసాలో సగానికి సగం తాలుగింజలే. మొలిచినవి ఒక చిన్న తోటకు సరిపడా మాత్రమే. కానీ మొలిచినవి ఎంత ముద్దుగా మొలిచాయో! యూదిత పొద్దునా సాయంత్రం వెళ్ళి, పసిబిడ్డను చూసినట్టు చూసి వచ్చేది.

కొన్నాళ్ళకి కుళాయి పక్క వరస వెనకబడింది. మిగతావన్నీ జానెడు లేస్తే ఇవి బెత్తెడు దగ్గరే ఆగాయి. యూదిత వంగి చూసింది. పలకల మధ్య సందులో మట్టి. కుళాయి కింద ఒక ఉల్లి పొర. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు ఇక్కడ ఉల్లికాడలు కడుగుతున్నారా అత్తయ్యా?"

జెల్మీరా గుమ్మం బయట నిలబడి ఉంది. "చెప్పులేసుకునే వచ్చానమ్మా."

"చెప్పులు సరే, ఉల్లికి కూడా చెప్పులు తొడిగారా? ఆ మట్టి చిమ్మబట్టే కదా ఇవి గిడసబారాయి! ఎంత కష్టపడి శుభ్రం చేశానో మీకు తెలీదా? ఈ వరస పీకి పారేస్తే గానీ మిగతావాటికి అంటకుండా ఉండదు." అంటూనే మొదటి మొక్క కాండం మీద చెయ్యి వేసింది.

ముసలావిడ గబగబా లోపలికొచ్చి బక్కెట్లకు అడ్డంగా నిలబడింది. కాళ్ళకు బూట్లే ఉన్నాయి, ఆ గాభరాలో ఇద్దరికీ గుర్తు లేదు. "పీకొద్దమ్మా. అవి చచ్చేవే అయితే వాటంతట అవే చస్తాయి. నీ చేత్తో పీకకు. ఈ వరస నాకొదిలెయ్."

"మీకొదిలేస్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను? కూర్చుని చూస్తాను."

యూదిత చెయ్యి తీసేసింది గానీ నోరు ఆపుకోలేకపోయింది. "దీనికంటే మీరు బోజేనా వదిన పొలంలో వేయించుకోవాల్సింది" అనేసింది.  ఆ రోజు నుంచి జెల్మీరా పాక గుమ్మం తొక్కలేదు. ఉల్లికాడలు బావి దగ్గర కడుక్కుంది. వీధి బల్ల మీద ఈగ కథ చెప్పడం కూడా మానేసింది. అత్తగారిని అంత మాట అన్నందుకు యూదితకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. క్షమించమని అడగడానికి నోరూ వచ్చేది కాదు.

అప్పుడు మొదలైంది అసలు కష్టం. శుభ్రంగా ఉన్న వరసలన్నీ ఉన్నచోటే ఆగిపోయాయి. ఆకు వెనక ఊదారంగు తిరిగింది, కాండం కూడా అదే రంగు. ఆకులు ముడుచుకుని కళ తప్పాయి. యూదిత ఆకులు తుడిచింది, బక్కెట్ల అంచులు తుడిచింది, నీళ్ళు మరగబెట్టి చల్లార్చి పోసింది. ఎంత తుడిస్తే అంత ముడుచుకున్నాయి. మొలిచినవి చస్తే సీసాలో ఇంక గింజ లేదు. అమ్మమ్మ కొంగున కట్టుకొచ్చిన విత్తనం, రెండు ప్రపంచ యుద్ధాలు దాటొచ్చిన విత్తనం, తన చేతిలో పోతోంది. నమ్మి ఇచ్చిన మనిషి వీధి బల్ల మీద మాట్లాడకుండా కూర్చుంది.

ఓంద్రేయ్ ఇంక ఎగతాళి చెయ్యలేదు. సైన్యంలో తనతో పాటు పనిచేసిన సెర్బు స్నేహితుడు మిలేతాకు ఫోను చేశాడు. మిలేతా మట్టి పరీక్షలు చేసే చోట పనిచేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం ఒక సూక్ష్మదర్శినిని కారు డిక్కీలో దుప్పటి చుట్టి పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, చిల్లు పడ్డ మేజోడు కనబడకుండా ఒక కాలు వెనక ఇంకో కాలు దాచుకుంటూ పాకలోకి నడిచాడు.

"మట్టి బలే నల్లగా ఉంది చెల్లెమ్మా. ఎక్కడిది?"

"పెరటిదే అన్నయ్యా. కాల్చాను."

"కాల్చావా?"

"పొయ్యిలో. రెండు రోజులు."

మిలేతా తల గోక్కున్నాడు. నవ్వు వస్తున్నట్టుంది, ఆపుకున్నాడు. తర్వాత తల తిప్పి కుళాయి వైపు చూశాడు. "మరి వాటినేం చేశావు?"

యూదిత అటు చూసి చాలా రోజులైంది. చూడబుద్ధి కాక, గొట్టంతో దూరం నుంచే నీళ్ళు వదిలి ముఖం తిప్పుకుని తిరిగింది. ఇప్పుడు చూసింది. అత్తగారు "నాకొదిలెయ్" అన్న వరస నడుమెత్తు లేచి నిలబడింది. ఆకులు అరచేతుల్లా విప్పుకుని పచ్చగా నిగనిగలాడుతున్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆమె పని.

మిలేతా ఆ వరసలో ఒక బక్కెట్ అంచున వేళ్ళతో మెల్లగా తవ్వాడు. మట్టిలోంచి ఎండిన పీచు కుచ్చులు వచ్చాయి, ఒకటి కాదు, గుప్పెడు. "ఇవేంటి, ఉల్లి వేళ్ళా?"

గుమ్మంలోంచి జెల్మీరా గొంతు వినబడింది. ఎప్పుడొచ్చిందో, తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ముఖం పాలిపోయింది.

"నేనే నాయనా. దాచి లాభమేముంది? ఉల్లికాడలు కడిగితే వేళ్ళు మిగిలేవి. నేల మీద పడేస్తే కోడలు చూస్తుంది. చేత్తో పట్టుకెళ్దామంటే దారి పొడుగునా మట్టి రాలుతుంది. అందుకని బొటనవేలితో ఆ బక్కెట్లలోకి కుక్కేశాను. మట్టి దులిపినా అందులోనే దులిపాను. కడిగిన నీళ్ళూ అందులోనే పోశాను." కోడలి వైపు తిరిగింది. "చెప్పాలనే ఉంది యూదితా. అవి ఎదగకపోయేసరికి భయపడ్డాను. మిగతావి కూడా పాడయ్యేసరికి, నా దగ్గర్నుంచే అంటుకుందేమో అనుకున్నాను. మా అమ్మమ్మ విత్తనాన్ని నేనే చంపుకున్నానేమో అని..."

 ఇన్నాళ్ళూ యూదిత తానొక్కతే ఆ భారం మోస్తున్నాననుకుంది. ఆ ముసలావిడ అంతకంటే బరువు మోస్తూ వీధి బల్ల మీద కూర్చుందని ఇప్పుడు తెలిసింది.

"పెద్దమ్మా, కాసేపు ఏడవకండి" అన్నాడు మిలేతా. "ముందు వంటింట్లోకి పదండి. చెల్లెమ్మా, వెనిగరు ఉందా? సిరా ఉందా? ఒక చిన్న గిన్నె కూడా ఇవ్వు."

శుభ్రమైన వరస నుంచి ఒక వేరు, కుళాయి పక్క వరస నుంచి ఒక వేరు తెంపి తెచ్చాడు. తన వెంట తెచ్చిన క్షారం చుక్కలు వేసి ఉడికించాడు. తర్వాత వెనిగరులో నీలి సిరా కలిపి అందులో మళ్ళీ ఉడికించాడు. "నా పాలగిన్నె!" అని యూదిత నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఓంద్రేయ్ చూసి, ఆ రోజు మొదటిసారి చిన్నగా నవ్వాడు.

మొదట శుభ్రమైన వేరు. యూదిత కన్ను ఆనించి చూసింది. గాజు గొట్టంలా తెల్లగా, బోసిగా ఉంది. లోపల ఏమీ లేదు.

"ఇప్పుడు ఇది చూడు."

రెండో వేరులో నీలి దారాలు. వేరు లోపలా బయటా అల్లుకుని, మెలికలు తిరిగి, మధ్య మధ్యన బుడిపెలు కట్టి. వేరు కణాల్లో కొన్నిట్లో ఆ దారం చీలి చీలి చిట్టి చెట్టులా కొమ్మలేసి ఉంది. నార వడికే ఇంట్లో కదురు జారిపడి దారమంతా చిక్కుపడినట్టుంది.

"ఏంటిది?"

"శిలీంధ్రం. మన భాషలో చెప్పాలంటే బూజు."

"బూజా!" యూదిత వెనక్కి జరిగింది. తన జీవితమంతా కొంగు బిగించి తరిమింది దాన్నే.

మిలేతా ఈసారి నవ్వేశాడు. "భయపడకు, ఇది మంచి బూజు. మొక్కకి ఆకలేస్తే వేరు ఊరుకోదు చెల్లెమ్మా, మట్టిలోకి ఒక వాసన వదులుతుంది. పిలుపన్నమాట. ఈ బూజు ఆ పిలుపు అందుకుని వచ్చి వేరులో దూరుతుంది. వేరు చేరలేని సందుల్లోకి దారాలు పంపి, భాస్వరం పట్టుకొచ్చి పెడుతుంది. మొక్క ఊరికే పుచ్చుకోదు, ఆకులో వండిన చక్కెర దీనికి పెడుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం. దీని వెంట కంటికి కనబడని సూక్ష్మజీవులు ఇంకా లక్షలొస్తాయి, ఎవరి పని వాళ్ళది. మన నేలలో భాస్వరం సున్నంతో కరుచుకుని ఉంటుంది, ఒంటరి వేరుకి ఊడిరాదు. నీ మొక్కలు పిలుస్తూనే ఉన్నాయి. వినేవాళ్ళందర్నీ నువ్వు పొయ్యిలో పెట్టావు."

యూదిత కుర్చీలో కూలబడింది. "మరి కుళాయి వరస మొదట్లో ఎందుకు గిడసబారింది? నేను కళ్ళారా చూశాను."

"కొత్తగా వచ్చిన చుట్టం ముందు మన కంచంలోనే తింటాడు కదా. నాలుగు రోజులు పోయాక పనిలో దిగుతాడు. ఉల్లి వేళ్ళలో ఈ బూజు పుష్కలంగా ఉంటుంది. పెద్దమ్మ చుట్టాన్ని బక్కెట్లోకి కుక్కింది, అది సర్దుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆ సర్దుకునే రోజుల్లోనే నువ్వు వాటిని పీకబోయావేమో."

 యూదిత లేచి అత్తగారి దగ్గరికెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఓంద్రేయ్‌కు తెలియలేదు.

"చంపలేదు అత్తయ్యా. మీరే బతికించారు."

"నాకేం తెలుసే? నేను నీకు భయపడి దాచాను, అంతే" అంది జెల్మీరా కళ్ళు తుడుచుకుంటూ. "పోనీలే. నీ గచ్చుకి దండం పెట్టాలి. అంత శుభ్రంగా లేకపోతే ఆ వేళ్ళు నేల మీదే పడేద్దును."

"మిగతావి? వాటికి ఇప్పుడేం చెయ్యాలి అన్నయ్యా? ఎరువెయ్యనా?"

"ఈ పూట గడవడానికి చిటికెడు ఎముకల పిండి వెయ్యి. మరీ ఎక్కువ వద్దు. కడుపు నిండినవాడు పొరుగువాణ్ణి పిలవడు, మొక్కా అంతే. అసలు మందు ఉల్లి మడిలో ఉంది. ఆ మట్టీ, ఆ వేళ్ళూ, కుళాయి వరస బక్కెట్ల మట్టి కొంచెం, అన్నీ తీసి ప్రతి మొక్క వేరు పక్కనా పెట్టు. కడక్కుండా పెట్టు."

ఆ సాయంత్రమే మొదలెట్టారు. యూదిత ఉల్లి మడిలో పార వేసి, తడి మట్టిని చేతులతోనే ఎత్తింది. గోళ్ళ సందుల్లోకి మన్ను దిగింది. బుట్ట నింపుకుని పాకలోకి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తే, జెల్మీరా ఇంకో బుట్ట ఉల్లికాడలు చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగిపోయింది. తలుపు చెక్కను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బూటు లేసు వెతుక్కుంటోంది. నడుము వంగడం లేదు. బూట్ల అంచుల వెంట ఉల్లి మడి మన్ను దళసరిగా అంటుకుని ఉంది.

"విప్పకండి అత్తయ్యా" అంది యూదిత.

ముసలావిడ తలెత్తి చూసింది.

"అలాగే రండి. ఆ మన్నుతోనే రండి. ఇక్కడ దులుపుకోండి, ఈ బక్కెట్ దగ్గర."

జెల్మీరా ఒక్క క్షణం ఆగింది. తర్వాత తెల్లటి పలకల మీద ఒక అడుగు వేసింది, నల్లటి ముద్ర పడింది. కోడలి ముఖంలోకి చూసింది. ఇంకో అడుగు వేసింది.

"గుడ్డ పట్టుకుని వెనకాల రావుగా?"

"రాను."

"ఒట్టు?"

"ఒట్టు."

వీధిలోంచి కూడా వినబడేలా నవ్వింది జెల్మీరా. బక్కెట్ల మధ్యలో నిలబడి, బూటు మడమను బక్కెట్ అంచుకు కొట్టి, మన్నంతా రాల్చింది. యూదితకు గుండెల మీంచి బండరాయి దింపినట్టయింది. ఎన్నాళ్ళ తర్వాతో కడుపు నిండా ఊపిరి తీసుకుంది. ఆ రాత్రి సాసేజీ, పుల్ల క్యాబేజీ, రెండు ముక్కలు ఎక్కువ రొట్టె తిని హాయిగా నిద్రపోయింది.

మొక్కలు వెంటనే లేవలేదు. చుట్టం సర్దుకోవాలి కదా. ఈసారి యూదిత తుడవకుండా, పీకకుండా కాచుకుని కూర్చుంది. ఒక పొద్దున కొత్త చిగురు పచ్చగా వచ్చింది, ఊదారంగు ఛాయ లేదు. మర్నాడు ఇంకో మొక్కకు. వేసవి ముదిరేసరికి పాక పైకప్పు తాకాయి, గాజు పలకలు తీసి దారివ్వాల్సి వచ్చింది. మగ మొక్కలు పుప్పొడి రాల్చి ఎండిపోయాయి. ఆడ మొక్కలు గింజ కట్టాయి.

గింజ దులిపే రోజున బోజేనా వచ్చింది. పాక గుమ్మంలో అలవాటుగా బూట్లు విప్పబోయి, లోపలి నేల చూసి నోరు తెరిచింది. "ఏంటమ్మా ఈ మట్టి? వదినకి ఒంట్లో బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. నువ్వూ తొక్కుకుంటూ రా" అంది జెల్మీరా. పాత సీసా నిండా గింజలు పోసింది. అది నిండి, ఇంకో సీసా నిండి, మూడోది కూడా నిండింది. ఒకటి కూతురి చేతిలో పెట్టింది. "ఇది నీ పొలానికి. పొయ్యిలో మాత్రం పెట్టకేం."

మైనం వేసిన పాత సీసాను మాత్రం, కూతురు చూస్తూ ఉండగానే, మళ్ళీ యూదిత వైపు జరిపింది. యూదిత గోళ్ళ కింద మన్ను ఉంది. తీసుకోబోతూ అలవాటు కొద్దీ చేతులు ఏప్రానుకి తుడుచుకోబోయింది.

"తుడుచుకోకే" అంది జెల్మీరా. "అలాగే పట్టుకో."